నూలు బట్టే కదా, అయినా ఎందుకు ఉడుకుతోంది?

ఎండలు ముదిరినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం బట్టల మీదే. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవాటిలో కొన్నింటిని ఏరి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్న పదిమంది అడిగిన చోట ఒకరిదే తీసుకున్నాం, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా నాయన మే నెలలో కూడా నిండు చేతుల చొక్కా, పంచె, తలకు రుమాలు చుట్టుకొని చేనికి పోతాడు. నేను చేతుల్లేని బనియన్, షార్ట్ వేసుకొని బయటికి పోతే వడదెబ్బ కొడుతుందని తిడతాడు. ఒంటి మీద బట్ట తక్కువుంటేనే కదా గాలి తగిలేది?
— డిగ్రీ విద్యార్థి, పత్తికొండ

జవాబు: ఈ విషయంలో నేను మీ నాయన పక్షం. మన చర్మం మామూలుగా 33 నుంచి 35 డిగ్రీల వేడి ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు మీరన్నది కరెక్టే, బట్ట తగ్గేకొద్దీ ఒంటి వేడి బయటికి పోతుంది. కానీ మన దగ్గర మే మధ్యాహ్నం 42, 43 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు కదా, అప్పుడు లెక్క తిరగబడుతుంది. గాలి వేడే ఒంట్లోకి వస్తుంది, పైనుంచి ఎండ, కింద నుంచి కాలిన నేల సెగ. ఇక ఒంటికి మిగిలిన దారి ఒక్కటే, చెమట పట్టడం, అది ఆరడం.

ఈ ఆరడం అనేదాన్ని మనం చిన్నచూపు చూస్తాం గానీ, లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని ఒంటి నుంచి తీసుకుపోతుంది. లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి పట్టే వేడి 70 కిలోకేలరీలే. అయితే ఇక్కడో మెలిక ఉంది. చెమట చర్మం మీదైనా ఆరాలి, చర్మానికి దగ్గరగా ఉన్న బట్టలోనైనా ఆరాలి. ధారగా కారి నేలపాలైతే ఒంట్లో నీళ్లు పోయినట్టే తప్ప చల్లబడినట్టు కాదు. మీ నాయన వేసుకునే వదులు నూలు చొక్కా చేసే పని ఇదే: కారిపోబోయే చెమటను పట్టుకుంటుంది, బట్టంతా పరుచుకునేలా చేస్తుంది, అక్కడే ఆరనిస్తుంది. పైగా ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది. వదులుగా ఉంటుంది కాబట్టి నడుస్తుంటే లోపల గాలి ఆడుతుంది. మీ బనియన్‌లో బయటికి కనిపించే భుజాలు, చేతులు, మెడ మొత్తం ఎండను నేరుగా తింటున్నాయి.

ఇంట్లో నీడ పట్టున ఉన్నప్పుడు మీ బనియన్, షార్ట్‌కు ఏ అభ్యంతరమూ లేదు, హాయిగా వేసుకోండి. అన్నట్టు, ఫ్యాన్ గురించి కూడా ఇదే సంగతి: గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బండి మీద పోతున్నప్పుడు ముఖానికి కొట్టే గాలి కూడా అలాంటిదే, అందుకే ఆ టైంలో చేతులు కప్పుకోవడం ఫ్యాషన్ కోసం కాదు.

ప్రశ్న: నేను పార్సిళ్లు డెలివరీ చేస్తాను. రోజంతా జీన్స్. అది నూరు శాతం కాటనే అని లేబుల్ మీద ఉంది, అయినా తొడలు ఉడికిపోతుంటాయి. కాటన్ చల్లగా ఉంటుందనేది ఉత్త మాటేనా?
— అనంతపురం

జవాబు: ఈసారి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. కాటన్ అనేది పోగు పేరు, అంతే. ఆ పోగును ఎంత లావుగా వడికారు, ఎంత దగ్గరగా నేశారు, చదరపు మీటరు బట్ట ఎంత బరువు తూగుతుంది అన్నవి లేబుల్ మీద ఉండవు. మామూలు జీన్స్ బట్ట చదరపు మీటరుకు 400 గ్రాముల దాకా ఉంటుంది. చొక్కాల పాప్లిన్ సుమారు 110, 120. ముల్‌మల్ అయితే 60, 70 గ్రాములే. అన్నీ పత్తి నుంచి వచ్చినవే, కానీ ముల్‌మల్‌లో పోగుల మధ్య గాలి దూరుతుంది, జీన్స్‌లో దూరదు. దానికి తోడు డెనిమ్ ఏటవాలు నేత, పోగులు ఒకదాని మీద ఒకటి ఒత్తుగా కూర్చుంటాయి. ఒకసారి చెమటకు తడిసిందంటే తొందరగా ఆరదు, బిగుతుగా ఉంటే ఆ తడి కాలికి అతుక్కొని ఒరిపిడి, దురద.

మన రాయదుర్గంలో అన్ని జీన్స్ కుడుతున్నారు, వాళ్ల పొట్ట కొట్టాలని నా ఉద్దేశం కాదు, చలికాలంలో వేసుకోండి. ఇప్పటికి మాత్రం పల్చటి కాటన్ ప్యాంటు, లేదా కాటన్ లినెన్ కలిసినది, తొడల దగ్గర వదులుగా ఉండేది కుట్టించుకోండి. బండి మీద పడితే జీన్స్ కాపాడుతుంది కదా అంటారా, చర్మం గీరుకుపోకుండా కొంతవరకు కాపాడుతుంది, నిజమే. ఆ భయం ఉంటే మధ్యాహ్నం రెండు ట్రిప్పుల మధ్య కాసేపు నీడలో ఆగి ఆరబెట్టుకోవడం తప్ప వేరే దారి నాకు కనిపించడం లేదు. మెడ చుట్టూ తడిపి పిండిన నూలు తువ్వాలు వేసుకోండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అది కూలర్ లాగే పనిచేస్తుంది, ఆరిపోతే మళ్లీ తడపాలి అంతే.

ప్రశ్న: నేను నల్ల బురఖా వేసుకుంటాను. నలుపు వేడిని లాగుతుందని కాలేజీలో ఫ్రెండ్స్ అంటారు. వేసవిలో లేత రంగుకు మారమని అమ్మ కూడా అంటోంది. రంగు మారిస్తే నిజంగా తేడా ఉంటుందా?
— కర్నూలు పాతబస్తీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నలుపు ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది, అందులో అనుమానం లేదు. పీల్చుకున్న వేడి ఒంటి దాకా వస్తుందా లేదా అన్నది మాత్రం వేరే సంగతి. ఎడారిలో తిరిగే బెదూయిన్‌లు నల్ల అంగీలు ఎందుకు వేసుకుంటారు అని కొందరు శాస్త్రవేత్తలు ఒక మనిషిని ఎడారి ఎండలో నిలబెట్టి, నల్ల అంగీ, తెల్ల అంగీ, సైనికుల యూనిఫాం, ఉత్త నిక్కరు, ఇలా మార్చి మార్చి తొడిగి కొలిచారు. 1980లో నేచర్ పత్రికలో అచ్చయింది. నల్ల అంగీ బట్ట ఎక్కువ వేడెక్కింది, కానీ మనిషి ఒంటికి చేరిన వేడి మాత్రం నలుపులోనూ తెలుపులోనూ ఒకటే. అంగీ వదులుగా ఉండటంతో బట్ట దగ్గర వేడెక్కిన గాలి అక్కడికక్కడే బయటికి పోయింది, చర్మం దాకా రాలేదు.

కాబట్టి అమ్మాయీ, రంగు కంటే ముందు చూడాల్సింది వదులు, బట్ట. అదే నలుపు బిగుతు టీషర్టుగా, లెగ్గింగ్స్‌గా వేసుకుంటే ఈ సూత్రం వర్తించదు, ఎందుకంటే మధ్యలో గాలికి చోటే లేదు. బజారులో దొరికే బురఖాల్లో చాలావరకు పాలిస్టర్ బట్టవే, నిదా అని పిలిచేది కూడా పాలిస్టరే. అది మెత్తగా, ముడతలు పడకుండా ఉంటుంది కాబట్టి అందరికీ ఇష్టం. నూలుతోనో, లినెన్ కలిసిన బట్టతోనో కుట్టించుకోగలిగితే మంచిది. కుదరకపోతే లోపల వేసుకునే డ్రెస్ అన్నా పల్చటి కాటన్‌ది చూసుకోండి, చెమట ముందు తాకేది దాన్నే. రంగు మార్చుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం.

ప్రశ్న: పత్తి యార్డుకు పేరున్న ఊళ్లో ఉండి కూడా నాకు అసలు కాటన్ ఏదో తెలియడం లేదు. ప్యూర్ కాటన్ అని ఒక షాపులో చీరలు అమ్మారు, ఇంటికొచ్చి కట్టుకుంటే జారిపోతోంది, చెమట పీల్చదు. ఎలా కనిపెట్టాలి?
— గృహిణి, ఆదోని

జవాబు: అంచు లోపలి నుంచి ఒక నిలువు పోగు, ఒక అడ్డ పోగు లాగండి. రెండూ విడిగా చూడాలి, ఎందుకంటే ఒకవైపు నూలు, ఇంకోవైపు పాలిస్టర్ వేసి నేసే బట్టలు బోలెడు. స్టీలు ప్లేటు మీద, పక్కన నీళ్లు పెట్టుకొని, పోగును పట్టకారుతో పట్టుకొని అగ్గిపుల్ల అంటించండి. నూలు అయితే కాగితంలా చురచురా కాలి, కాలిన కాగితం వాసన వేసి, వేళ్లతో నలిపితే పొడి అయ్యే మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే మంట దగ్గరికి రాగానే ముడుచుకొని కరిగి చివర గట్టి ఉండ కడుతుంది. ఆ ఉండను వేడి మీద ముట్టుకోవద్దు, చర్మానికి అంటుకొని కాలుతుంది. పట్టు, ఉన్ని కాలిన వెంట్రుక వాసన వేస్తాయి.

ఈ పరీక్షకు చిక్కని దొంగ ఒకటుంది, రేయాన్. అదీ కాగితంలానే కాలుతుంది, దాని గురించి కింద ఇంకొకరు అడిగారు. నీటి చుక్క పరీక్ష అని యూట్యూబ్‌లో చూపిస్తుంటారు, కొత్త బట్టకు అది నమ్మకం కాదు. కొత్త నూలు చీర మీద గంజి, ఫినిషింగ్ ఉంటాయి, చుక్క నిలబడిపోతుంది. రెండు ఉతుకులయ్యాక చేస్తే సరిగ్గా తెలుస్తుంది.

కొనేటప్పుడు ఇంకొక్క మాట అడగండి, కౌంట్ ఎంత అని. పౌను (సుమారు 450 గ్రాముల) నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అంత కౌంట్, అంటే అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. దుప్పట్లకు వాడే 20 కౌంట్‌కూ, వెంకటగిరి చీరల 100 కౌంట్‌కూ ఒంటి మీద ఉన్న తేడా మీకు కట్టుకోగానే తెలుస్తుంది. చేనేత బట్ట అయితే మగ్గం మీద పోగుకు లాగుడు తక్కువ కాబట్టి కాస్త వదులుగా, గాలి ఆడేలా ఉంటుంది. మీ పక్కనే ఎమ్మిగనూరు ఉంది, మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు, అక్కడి నేతగాళ్ల దగ్గరే అడిగి కొనుక్కోవచ్చు. బట్టను చేత్తో పట్టుకొని చూసి కౌంట్ చెప్పేవాళ్లు వాళ్లలో దొరుకుతారు.

ప్రశ్న: రేయాన్ నైటీలు చల్లగా ఉంటాయి. అది కాటనా, ప్లాస్టిక్కా?
— కడప

జవాబు: రెండూ కాదు. కలప గుజ్జును రసాయనాల్లో కరిగించి మళ్లీ పోగుగా తీస్తారు, విస్కోస్ అన్నా ఇదే. పత్తిలో ఉండే సెల్యులోజే ఇందులోనూ ఉంటుంది కాబట్టి తేమను బాగా పీలుస్తుంది, నిజానికి నూలు కంటే ఎక్కువే. తడిస్తే బలం తగ్గుతుంది, గట్టిగా పిండితే చినుగుతుంది, మొదటి ఉతుకుకు కురచ అవుతుంది. రాత్రి పడుకోవడానికి భేషుగ్గా ఉంటుంది, ఒక సైజు పెద్దది కొనుక్కోండి.

ప్రశ్న: మే నెలలో మా చెల్లి పెళ్లి. ధర్మవరం పట్టుచీర కట్టుకొని మంటపం దగ్గర నిలబడాలంటేనే టెన్షన్‌గా ఉంది. పట్టు కూడా సహజమైన దారమే కదా, మరి ఎందుకు అంత వేడి?
— ప్రొద్దుటూరు

జవాబు: పట్టు దారాన్ని తిట్టకండి, పాపం దాని తప్పేమీ లేదు. తేమ పట్టే గుణంలో పట్టు నూలు కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది: మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టుకొని ఉంటే, పట్టు 11 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. ధర్మవరం చీర (ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా నాకు ఇంకా అనంతపురం ధర్మవరమే) వేడెక్కడానికి కారణం వేరు. రెండు మూడు పోగులు కలిపి దట్టంగా నేస్తారు, మీద బరువైన జరీ అంచు, కొంగు. కుచ్చిళ్ల దగ్గర ఎన్ని మడతలో మీకు తెలిసిందే, భుజం మీద ఇంకో నాలుగు మడతలు. కింద పాలిస్టర్ సాటిన్ లంగా, జాకెట్‌కు పాలిస్టర్ లైనింగ్. చెమట ముందు తాకేది ఆ లైనింగ్‌నే, అది పీల్చదు, ఇక పట్టు దాకా చెమట వచ్చేదెక్కడ?

టైలర్‌కు ముందే చెప్పి జాకెట్‌కు సన్నటి కాటన్ లైనింగ్ వేయించండి, లోపలి లంగా కూడా కాటన్‌దే. ఈ రెండిటితోనే సగం బాధ తీరుతుంది. ముహూర్తం వరకు పెద్ద చీర, తలంబ్రాలు అయ్యాక తేలికపాటి పట్టు-నూలు కలనేత చీర. చెమట మరక పట్టు మీద పడితే రంగు దెబ్బతింటుంది, విప్పగానే మడత పెట్టకుండా నీడలో ఆరేయండి.

సహజమైనదంతా చల్లగానే ఉంటుందని, కృత్రిమమైనదంతా వేడి అని ఒక లెక్క మనవాళ్లలో ఉంది, అది తప్పు. ఉన్ని కూడా సహజమే. అనంతపురం వైపు గొర్రెల కాపరులు వేసవిలోనూ కంబళి వదలరు, కానీ దాన్ని ఒంటికి చుట్టుకొని తిరగరు కదా, నెత్తి మీదో భుజం మీదో వేసుకొని ఎండకు అడ్డంగా వాడతారు.

ప్రశ్న: మా పాప ఒకటో తరగతి. స్కూలు వాళ్లు ఇచ్చిన యూనిఫాం బట్ట మందంగా, నున్నగా ఉంది. పైన టై, కింద సాక్స్, బూట్లు. వారం రోజులుగా మెడ మీద, వీపు మీద ఎర్రగా చెమటకాయలు. పౌడర్ వేస్తున్నా తగ్గట్లేదు.
— అనంతపురం నుంచి ఒక తల్లి

జవాబు: చెమట బయటికి వచ్చే సన్నని దారులు మూసుకుపోతే చెమట చర్మం కిందే నిలిచి చెమటకాయలు వస్తాయి. పౌడర్ గుట్టలుగా వేస్తే ఆ దారులు ఇంకా మూసుకుంటాయి, ఆపేయండి. యూనిఫాం బట్ట చాలాచోట్ల టెరికాటన్, అందులో మూడింట రెండు వంతుల దాకా పాలిస్టర్ ఉంటుంది. మన్నిక ఎక్కువ, ఇస్త్రీ నిలుస్తుంది, పెద్దవాళ్లకు సుఖం, పిల్లలకు కష్టం.

లోపల చేతుల్లేని సన్నటి నూలు షిమ్మీ వేయండి. ఇంకో పొర అంటే ఇంకా వేడి కదా అనిపిస్తుంది, కొంచెం వేడే, కానీ చెమట చర్మం మీద నిలవకుండా అది పీల్చుకుంటుంది. దాన్ని మధ్యాహ్నం మార్చుకునేలా బ్యాగులో ఇంకోటి పెట్టండి. ఇంటికి రాగానే యూనిఫాం విప్పి, చల్లటి నీళ్లతో స్నానం, తుడిచి కాసేపు ఫ్యాన్ కింద ఒట్టి ఒంటితో ఆడుకోనివ్వండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించాలి. ఇక స్కూలు సంగతి, ఒక్కరే వెళ్లి అడిగితే రూల్ అంటారు, పదిమంది తల్లులు కలిసి వెళ్లి అదే రంగులో కాటన్ బట్ట, వేసవిలో టై వద్దు అని రాసి ఇవ్వండి. నలభై డిగ్రీల్లో ఆరేళ్ల పిల్లకు టై ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రశ్న: పొద్దున గ్రౌండ్‌లో క్రికెట్ ఆడతాం. డ్రై ఫిట్ టీషర్టులు పాలిస్టర్ అంటారు, మరి క్రికెటర్లంతా అవే వేసుకుంటారు కదా. కాటన్‌కు మారాలా?
— కడప

జవాబు: అక్కర్లేదు. ఆ పాలిస్టర్ పోగు చెమటను తనలోకి పీల్చుకోదు, కానీ పోగుల మధ్య సన్నని సందుల గుండా పైకి లాగి బయటి వైపు పరుస్తుంది, అక్కడ తొందరగా ఆరుతుంది. బాగా చెమట పట్టే ఆటల్లో తడిసి బరువెక్కే నూలు టీషర్టు కంటే ఇదే నయం. రెండు చిక్కులున్నాయి. చౌకగా దొరికేవాటిలో చాలావాటికి పేరే తప్ప ఆ గుణం ఉండదు. రెండోది వాసన, పాలిస్టర్‌లో చెమట కంపు నూలులో కంటే గట్టిగా పడుతుంది, ఆడగానే నీళ్లలో జాడించి ఆరేయకపోతే మర్నాడు పక్కవాడు నిలబడడు. ఆట అయ్యాక కూడా దాంతోనే టీ కొట్టు దగ్గర గంట కూర్చోకుండా ఇంటికెళ్లి కాటన్‌కు మారిపోండి.

ప్రశ్న: ఇక్కడ హాయిగా ఉండే నూలు చీరే విశాఖలో మా అమ్మాయి ఇంటికి పోతే ఒంటికి అతుక్కుపోతుంది. ఎందుకు?
— రిటైర్డ్ టీచరమ్మ, నంద్యాల రోడ్డు, కర్నూలు

జవాబు: అక్కడి గాలిలో ముందే తేమ నిండా ఉంటుంది టీచరమ్మా, ఇక మీ చెమట ఆరడానికి చోటు లేదు. నూలు పీల్చుకుంటుంది కానీ బయటికి వదల్లేదు, తడిగానే ఉండిపోతుంది. సముద్రం పక్క ఊళ్లకు లినెన్ మేలు. అవిసె మొక్క కాండం నుంచి తీసిన నార అది, కాస్త బిరుసుగా ఉండి ఒంటికి అతుక్కోదు, తొందరగా ఆరుతుంది. ముడతలు మాత్రం పడతాయి, ఇస్త్రీ మీద మోజు ఉన్నవాళ్లకు పనికిరాదు. లినెన్ వద్దనుకుంటే పల్చటి వాయిల్ చీర తీసుకెళ్లండి.

ప్రశ్న: నూలు బట్టలకు గంజి పెట్టాలా వద్దా? కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ వేస్తే మెత్తగా ఉంటాయి కదా?
— ఎమ్మిగనూరు, జమ్మలమడుగు, గుంతకల్లు నుంచి చాలామంది

జవాబు: గంజికి మంచీ ఉంది, చెడూ ఉంది. పల్చగా పెడితే చీర ఒంటికి అంటకుండా కాస్త ఎడంగా నిలబడుతుంది, ఆ ఎడంలో గాలి ఆడుతుంది. ఫెళఫెళలాడేలా చిక్కగా పెడితే పోగుల మధ్య సందులు పూడిపోయి బట్ట అట్టలా తయారవుతుంది, చెమట పీల్చదు. అన్నం వార్చిన గంజిలో సగానికి సగం నీళ్లు కలిపి ముంచితే చాలు. రోజూ ఇంట్లో కట్టుకునేవాటికి, లోదుస్తులకు, పసిపిల్లల బట్టలకు అసలు వద్దు.

సాఫ్ట్‌నర్ ఏ కంపెనీదైనా పోగు మీద సన్నని జిడ్డు పొర లాంటిది వేస్తుంది, మెత్తదనం దానివల్లే. ఆ పొర ఉన్న నూలు తేమను పీల్చడం తగ్గిస్తుంది, అంటే కాటన్‌కు డబ్బులు పోసి కొని, పాలిస్టర్ గుణం ఇంకో డబ్బా కొని తెచ్చుకుంటున్నట్టు. వేసవిలో మానేయండి. బట్టలు గట్టిపడుతున్నాయంటే బోరు నీళ్లలో ఉప్పులు, మిగిలిపోయిన సర్ఫ్ కారణం అయ్యుంటాయి, సర్ఫ్ తగ్గించి ఇంకో నీళ్లలో జాడించి చూడండి. తువ్వాళ్లకైతే ఏ కాలంలోనూ వేయొద్దు, తలంటు పోసుకొని తుడుచుకుంటే నీళ్లు జుట్టులోనే ఉండిపోతాయి.